సెవిలో పడ్డాది

మా మేనమామ పోయాడన్న కబురు అమ్మ ఫోనులో చెప్పినప్పుడు నేను ఎచ్చెర్లలో రోడ్డు పక్కన బస్సు కోసం నిలబడి ఉన్నాను. "మీ మావ ఎల్లిపోనాడే అమ్మీ. పొద్దున్న టీ తాగి కుర్సీలో కూకున్నోడు కూకున్నట్టే ఒరిగిపోనాడంట" అంది అమ్మ. ఆమెకి ఒక్కగానొక్క అన్న. ఏడుస్తోంది. నాకు ఏడుపు రాలేదు. ఫోను పెట్టేసి, ఏం చేస్తున్నానో తెలియకుండానే చున్నీ అంచుతో కుడి చెవి తుడుచుకున్నాను. గట్టిగా, ఎర్రబడేదాకా తుడుచుకున్నాను.

ఆయన ఇంట్లో నేను ఉన్నన్నాళ్లూ నాకు అంటుకున్న అలవాటు అది.

పోయినవాళ్ల గురించి మంచే మాట్లాడాలంటారు. మామ ఊరు చీపురుపల్లి చేరేదాకా బస్సులో కూర్చుని ఆ మంచి మాటల కోసమే వెతుక్కున్నాను. లేవని కాదు. తూకంలో ఎవర్నీ ముంచినవాడు కాదు. మామిడిపళ్ల కాలం వస్తే మా అమ్మకి బుట్ట పంపకుండా తాను ముట్టేవాడు కాదు. మా ఊరికి ఇంటర్నెట్ తీగ ఇంకా రాని రోజుల్లో, ఇంటినుంచి చెయ్యాల్సిన ఉద్యోగం ఊడిపోతుందని నేను బెంగపడుతుంటే, "మా ఇంట్లో గది కాలీగా ఉన్నాది, నెట్ డబ్బా ఉన్నాది, వచ్చీయే" అని పిలిచి నీడ ఇచ్చినవాడు ఆయనే. ఇవన్నీ నిజాలే. కానీ ఒక్కో మంచి మాటా గుర్తు తెచ్చుకోగానే దాని పక్కనే ఆ ఫోను కూడా గుర్తొచ్చేది. తడిగా, గోరువెచ్చగా, ముక్కుపొడి వాసనతో.

మామకి చీపురుపల్లి బజారులో పప్పులూ నువ్వులూ అమ్మే కొట్టు. కింద కొట్టు, పైన ఇల్లు. పాతకాలం గోడలు, మూరెడు మందం. సెల్‌ఫోను సిగ్నలు మేడమీదికి వెళ్తే తప్ప అందదు. కరోనా రోజుల్లో బజారంతా తీగలు లాగుతుంటే ఆయనా బ్రాడ్‌బ్యాండ్ పెట్టించాడు. దానితోపాటు మాట్లాడుకోడానికి ఒక నంబరు ఉచితంగా వస్తుందని తెలిసేసరికి ఆయన ఆనందానికి పట్టపగ్గాల్లేవు. "గాలికీ ఎండకీ డబ్బులు కడతన్నామేటి? ఇదీ అలాగే" అని ఊరంతా చెప్పుకున్నాడు. విశాఖపట్నం నుంచి ఒక కార్డ్‌లెస్ సెట్టు తెప్పించాడు. హాల్లో ఇంటర్నెట్ డబ్బా పక్కన దాని పీట. తీగ లేని చేతిఫోన్లు మూడు. ఒకటి వంటింటి గూట్లో, ఒకటి నాకిచ్చిన వీధి గదిలో, మూడోది ఆయన మొలలో.

మొలలో అంటే మాటవరసకి కాదు. ఇంట్లో ఆయన చొక్కా వేసుకునేవాడు కాదు. పెద్ద పొట్ట. లుంగీ ముడికీ పొట్టకీ మధ్య ఫోను దోపుకుని తిరిగేవాడు. కొట్లోకి దానితోనే దిగేవాడు, స్నానాలగదికీ దానితోనే వెళ్లేవాడు. లోపలినుంచి చెంబుతో నీళ్లు పోసుకుంటున్న చప్పుడూ, ఎవరితోనో మినుముల ధర మాట్లాడుతున్న చప్పుడూ కలిసి వినిపించేవి. మధ్యలో గొంతు సవరించి ఉమ్మేవాడు. అవతలివాళ్లు ఏమనుకునేవారో. ముక్కుపొడి పీల్చేవాడు, పీల్చిన వేళ్లతోనే మీటలు నొక్కేవాడు. మాట్లాడేచోట ఉండే చిన్న చిన్న చిల్లులు ముక్కుపొడితో, ఉమ్మితో పూడిపోయి నల్లగా గట్టిపడి ఉండేవి.

ఇంట్లో ఎవరికి ఫోను వచ్చినా ముందు ఆయనే ఎత్తాలి. ఎవరు, ఎక్కడినుంచి, ఏం పని, ఆ పని ఆయనకి చెబితే కాదా, అన్నీ కనుక్కుని, అప్పుడు వచ్చి మొలలోంచి తీసి మన చేతిలో పెట్టేవాడు.

"ఇదిగోనే, నీకే."

"నా గదిలో ఉన్నది తీస్తాను మావా."

"పట్టుకొచ్చినాను కదేటే. దీనికేటి రోగం?"

చెవికి ఆనిస్తే అది చర్మానికి అతుక్కునేది. అవతల మాట్లాడేది మా ఆఫీసువాళ్లయినా, నా స్నేహితురాలైనా, నాకు ఆ మాటలకన్నా ముందు ఆ చెమటే తెలిసేది. మొదట్లో ఒకసారి ఆయన చూస్తుండగానే దాన్ని చున్నీతో తుడిచాను. మొహం గంటు పెట్టుకున్నాడు. "నా ఒంటికేటి కుష్టేటే? అలా తుడుస్తన్నావు?" అన్నాడు. ఆ పూట నా ఇంటర్నెట్ రాలేదు. అలిగిన మొగాళ్లు అన్నం మానేస్తారు, మా మామ మాత్రం డబ్బా ఆపేసేవాడు. స్విచ్చి ఆయన కుర్చీ పక్కనే. అది ఆపితే నా ఉద్యోగం ఆగుతుంది, ఇంట్లో ఫోనూ ఆగుతుంది. ఎవరో ఒకరం వెళ్లి, "మావా, కాస్త డబ్బా ఎయ్యవా" అని అడిగేదాకా పేపరు అడ్డం పెట్టుకుని కూర్చునేవాడు. అడిగించుకున్నాక నవ్వేవాడు. ఆ నవ్వు కోసమే ఆపేవాడని నా నమ్మకం.

మా అత్త మాత్రం ఎప్పుడూ తుడవలేదు. ఆమెది వేరే పద్ధతి. పమిట కొంగు ఫోనుకీ చెవికీ మధ్య అడ్డం పెట్టుకుని మాట్లాడేది. చూసినవాళ్లు పెద్దింటి కోడలి మర్యాద అనుకునేవారు.

అత్త నెమ్మది మనిషి. పిల్లల్లేరు. ఆమెకి మనసు విప్పుకోడానికి లోకంలో ఉన్నది ఒక్క అక్క, నెల్లిమర్లలో. ఆవిడ భర్త జూట్ మిల్లులో పనిచేసేవాడు, ఎప్పుడో పోయాడు. మధ్యాహ్నం వంటపని అయ్యాక అత్త వంటింటి ఫోను తీసుకుని పడగ్గదిలోకి వెళ్లి, మంచం చివర కూర్చుని అక్కతో మాట్లాడేది. రోజంతటిలో ఆమె గొంతులో కాస్త వెలుతురు వచ్చేది ఆ కాసేపే.

ఆ సెట్టులో ఒక సంగతి ఉంది. ఒక ఫోనులో మాట్లాడుతుండగా ఇంకో ఫోను మీట నొక్కితే రెండూ కలిసిపోతాయి. టిక్కుమని చిన్న చప్పుడు. ఆ తర్వాత అవతలి గొంతు తలుపు మూసిన గదిలోంచి వచ్చినట్టు కొంచెం వెనక్కి వెళ్తుంది. మామకి ఈ కిటుకు ఎప్పుడు తెలిసిందో గానీ, ఆ తర్వాత మా ఇంట్లో ఎవరూ ఎవరితోనూ ఇద్దరే మాట్లాడుకోలేదు. బొటనవేలితో మాట్లాడే చిల్లులు మూసి, హరికథ వింటున్నవాడిలా కళ్లు మూసుకుని వినేవాడు. ఎంత మూసినా ముక్కుపొడితో దిబ్బడేసిన ఆయన ఊపిరి గురగురమని వినపడుతూనే ఉండేది. నెల్లిమర్ల ఆవిడ అమాయకురాలు. "ఏటే సెల్లీ, మీకక్కడ గాలి గట్టిగా ఈస్తన్నాదేటి?" అని అడిగేది. అత్త ఒక్క క్షణం ఆగి, "అవునక్కా" అనేది.

వినడం సగమే. మిగిలిన సగం మర్నాడు భోజనాల దగ్గర.

మధ్యాహ్నం కొట్టు కట్టేసి మామా, కొట్లో పనిచేసే ముసలి గుమాస్తా, నేనూ వరసగా కూర్చునేవాళ్లం. అత్త వడ్డించేది. మామ పప్పన్నం కలుపుకుని, మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని, నమిలి, మింగేముందు మొదలుపెట్టేవాడు. గొంతు మార్చేవాడు. నిజం చెప్పాలి, ఆయనకి ఆ విద్య పుట్టుకతో వచ్చింది. ఎవరి గొంతైనా సరే దించేసేవాడు. ఒకరోజు ఉన్నట్టుండి నా గొంతు వినపడింది.

"'ఆ ఫోను ముట్టుకున్నాక తానం సెయ్యాలనిపిస్తాదే బాబూ...' అన్నాదంట ఒక గుంట."

నా స్నేహితురాలితో నేను అన్న మాట. నా సాగదీత, నా నిట్టూర్పు, అన్నీ అచ్చంగా. ముద్ద నా చేతిలోనే ఆగిపోయింది.

"మావా, మా మాటలు ఇంటన్నావా నువ్వు?"

"నానేటి ఇన్నానేటే? సెవిలో పడ్డాది."

ఆ మాటకి ఆయన నోట్లోంచి మెతుకు ఎగిరి నా కంచం అంచు మీద పడింది. ఆయన చూశాడు. తీయలేదు.

సెవిలో పడ్డాది. ఆ ఇంట్లో నేను అన్నిటికన్నా ఎక్కువసార్లు విన్న మాట అదే. అక్కచెల్లెళ్లు తమ తల్లి నగ గురించి మాట్లాడుకుంటే సెవిలో పడ్డాది. నెల్లిమర్ల ఆవిడ కోడలు పుట్టింటికి వెళ్లిపోతే సెవిలో పడ్డాది. అది చీపురుపల్లి బజారంతా తెలిసిపోతే, అదీ ఎవరి చెవిలోనో పడ్డదే. గుమాస్తా తల వంచుకుని తినేవాడు. అత్త గరిటె పట్టుకుని గోడకేసి చూసేది.

ఒక్కసారి మాత్రం ఆయనలో ఇంకో మనిషి కనిపించాడు. ఆ రోజు మబ్బు పట్టింది, కొట్లో బేరాల్లేవు. నా గది గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. నేను అప్పటిదాకా అత్తతో ఏదో నవ్వుతూ మాట్లాడుతున్నాను, ఆయన్ని చూసి ఆగిపోయాం. అత్త లోపలికి వెళ్లిపోయింది.

"సూసినావేటే" అన్నాడు. "నాను అడుగెడితే సాలు, మాటలు ఆగిపోతాయి. సిన్నప్పట్నుంచీ ఇంతే. మా అమ్మా అంతే, మీ అమ్మా అంతే. నాకెవులూ ఏటీ సెప్పరు. మరి నాకెలా తెలుస్తాది?"

కళ్లలో నీళ్లలాంటివి కనిపించాయి. మనసు కొంచెం కరిగింది. జవాబు చెప్పబోయాను. అంతలో వంటింట్లో అత్త ఫోను మీటలు నొక్కుతున్న చప్పుడు వినపడింది. అత్త "అలో" అన్న మాట పూర్తికాకముందే ఆయన చెయ్యి మొలలోకి వెళ్లింది. బొటనవేలు చిల్లుల మీదికి వెళ్లింది. నా ఎదుటే, తడి ఆరని కళ్లు మూసుకుని వినసాగాడు.

ఆ చలికాలంలో అత్త తన అక్కతో ఒక సంగతి చెప్పుకుంది. నెలసరి ఆగిపోయి ఎన్నో ఏళ్లయ్యాక మళ్లీ రక్తం కనబడుతోందని. ఆమె చెప్పుకున్నట్టు నాకు అప్పుడు తెలియదు. మర్నాడు భోజనాల దగ్గర తెలిసింది.

మామ పప్పులో నెయ్యి వేసుకున్నాడు. కలిపాడు. గుమాస్తా వైపు తిరిగి కన్ను గీటాడు. అత్త గొంతు వచ్చింది ఆయన నోట్లోంచి, మెత్తగా, భయంభయంగా, గుసగుసగా.

"'అక్కా, నాకు మల్లీ పెద్దమనిసైనట్టున్నాదే... గుడ్డలు పాడైపోతన్నాయే...'" అని, తన గొంతుతో, "పసుపు, బెల్లం తెప్పించమంటారేటి? పేరంటం సేసీదాం!" అని నవ్వాడు. పొట్ట కదిలింది. నోట్లో పచ్చటి పప్పు కనపడుతోంది.

ముసలి గుమాస్తా విస్తరి మడిచేసి లేచిపోయాడు. అలా సగంలో లేవడం ఆయన ఎప్పుడూ చెయ్యలేదు. అత్త కదల్లేదు. చేతిలో సాంబారు గిన్నె. మెడ నుంచి మొహం మీదికి ఎరుపు పాకడం చూశాను. తర్వాత ఆ ఎరుపు మొత్తం దిగిపోయి మొహం సున్నం కొట్టిన గోడలా అయింది. గిన్నె కింద పెట్టి లోపలికి వెళ్లింది. నేను లేస్తుంటే మామ ఆశ్చర్యపోయాడు.

"ఏటయినాదిప్పుడు? పెళ్లాంతో ఏలాకోలం ఆడకూడదేటి?"

నేను పెరట్లోకి వెళ్లి తిన్నది కక్కుకున్నాను.

ఆ రోజు తర్వాత అత్త ఫోను ముట్టడం మానేసింది. నెల్లిమర్ల ఆవిడే చేస్తే రెండు ముక్కలు మాట్లాడేది. బాగున్నాను. వంటయింది. ఉంటాను. "ఆస్పత్రికి వెళ్దాం రా అత్తా" అని నేను అడిగాను, ఒకసారి కాదు. "అదేటీ లేదే అమ్మీ, తగ్గిపోనాది. ఒగ్గీయ్ ఆ మాట" అనేది. ఆ మాట ఇంకోసారి గాలిలోకి వస్తే మళ్లీ ఏ కంచంలో తేలుతుందో అని ఆమె భయం. చలికాలం పోయి ఎండలు ముదిరాయి. అత్త చిక్కిపోయింది. మేడమీద వడియాలు పెడుతూ ఒక ఉదయం కూలబడిపోయింది. నేను ఎత్తి కూర్చోబెట్టేసరికి చీర వెనకంతా తడిసి ఉంది.

విజయనగరంలో లేడీ డాక్టరుకి చూపించాను. పరీక్షలన్నీ చేసి ఆవిడ అత్త చెయ్యి పట్టుకుని, గర్భసంచిలో గడ్డ, మంచి గడ్డ కాదు అని చెప్పింది. "మొదట్లోనే వచ్చి ఉంటే చిన్న ఆపరేషనుతో పోయేదమ్మా. ఇన్నాళ్లు ఎవరికీ చెప్పలేదా?" అని అడిగింది.

"సెప్పాను డాట్రమ్మా" అంది అత్త. "అందరూ ఇన్నారు."

డాక్టరుకి అర్థం కాలేదు. నా వైపు చూసింది. నేను కిటికీలోంచి బయటికి చూశాను.

విశాఖపట్నంలో ఆపరేషను చేశారు. తర్వాత రేడియేషన్ ఇచ్చారు, మావాళ్ల మాటలో కరెంటు పెట్టారు. ఆస్పత్రిలో మామకి కార్డ్‌లెస్ లేదు. మొల తడుముకునేవాడు, అక్కడ ఏమీ లేక అటూ ఇటూ తిరిగేవాడు. తర్వాత సెల్‌ఫోను తీసి వరండాలో నిలబడి ప్రతి చుట్టానికీ, ప్రతి బేరగాడికీ చేశాడు. "సంచి తీసీసినారు. ఆఁ, మొత్తం తీసీసినారు. ట్రేలో పెట్టి సూపించినారు నాకు. ఇంతున్నాది!" అని, అవతలివాళ్లకి కనపడదని తెలిసీ చేత్తో కొలత చూపించేవాడు. పక్క మంచాలవాళ్లు తలలు తిప్పుకునేవారు. అత్త కళ్లు మూసుకుని పడుకుని ఉండేది. నిద్రపోవడం లేదని నాకు తెలుసు. ఎందుకంటే కనురెప్పలు అదురుతుండేవి.

ఆమె బతికింది. వైద్యులు చెప్పినదానికన్నా బాగానే కోలుకుంది. ఇంటికొచ్చాక చాలా రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు. వర్షాలు ముదిరాక ఒక మధ్యాహ్నం, భోజనాలయ్యాక, వంటింటి గూట్లోంచి ఫోను తీసుకుంది. పమిట కొంగు అడ్డం పెట్టుకోకుండానే చెవికి ఆనించుకుంది. పడగ్గదిలోకి వెళ్లింది. ఈసారి తలుపు వెయ్యలేదు.

నేను హాల్లో డబ్బా దగ్గర నిలబడి ఉన్నాను, నెట్ నెమ్మదించిందని చూస్తూ. మామ పడక కుర్చీలో ఉన్నాడు. ఆయన చెయ్యి మొలలోకి వెళ్లింది. టిక్కుమంది.

"అక్కా, ఒక్క సిటమాగు" అంది అత్త. "టిక్కుమన్నాది, ఇన్నావా? అది గాలి కాదే అక్కా. మీ మరిదిగారు. అవును, ఇన్నాల్లూ ఆయనే. ఉండనీ. ఈపాలి ఆయన ఇనాలనే సెప్తన్నాను."

మామ కళ్లు తెరిచాడు. ఫోను చెవికే ఉంది.

"నాకు రగతం కనబడినప్పుడు ముందుగాల నీకే సెప్పుకున్నాను. డాట్రుకి సూపించుకోమని నువ్వన్నావు. ఎల్దామనే అనుకున్నాను. మర్నాడు ఆ మాట అన్నంలో కలిపి పెట్టినారు నాకు, పరాయి మగోడి ముందు. ఆ మీదట మరెవులికి సెప్తాను? తెల్లారకముందే గుడ్డలు ఉతుక్కునీదాన్ని. బాగున్నావేటే అని నువ్వడిగితే బాగున్నానన్నాను. అది నీకు సెప్పిన అబద్దం కాదే అక్కా. నీకు సెప్పింది ఆయన కూడా ఇంటారు కదా, ఆయనకి సెప్పిన అబద్దం."

బియ్యం ఏరుతున్నట్టు ఒక్కో మాటా తీసి పక్కన పెడుతోంది. నేను మామనే చూస్తున్నాను. సిగ్గుపడతాడనుకున్నాను. ఫోను దించుతాడనుకున్నాను. దించలేదు. నోరు కొంచెం తెరుచుకుంది. చిల్లుల మీద బొటనవేలు ఇంకా గట్టిగా నొక్కుకుంది, గోరు తెల్లబడేంత. అంతవరకూ వచ్చినా ఆయనకి వినడమే కావాలి.

"నాను సచ్చిపోయుంటే, ఈయన నా గొంతుతోటే నన్ను ఏడ్సుకునుండును. అంత బాగా సేస్తారే నా గొంతు" అంది అత్త. "నాను నీ దగ్గరికి వచ్చీస్తన్నానక్కా. ఈయేలే."

మామ లేచాడు. డబ్బా దగ్గరికి వచ్చి, నన్ను భుజంతో తోసి, స్విచ్చి ఆపేశాడు. పచ్చ దీపాలు ఆరిపోయాయి. లోపల అత్త మాట మధ్యలో తెగిపోయింది.

ఆమె గుమ్మంలోకి వచ్చింది, చేతిలో మాట చచ్చిన ఫోను. మామ చెయ్యి స్విచ్చి మీదే ఉంది. అలా ఉండగానే అన్నాడు. "ఏటే, ఎవులితో మాటాడతన్నావు? లైను పోనట్టున్నాదే. ఈ కంపినీవోలంతా ఇంతే. రేపు కంప్లీటు ఇస్తాను."

కోపంతో అరిచి ఉంటే, ఏడ్చి ఉంటే, ఆ ఫోను తీసి గోడకేసి కొట్టి ఉంటే, ఆయన్ని నేను ఏదో ఒక రకంగా క్షమించేదాన్నేమో. స్విచ్చి మీద చెయ్యి తీయకుండా ఆ అబద్ధం ఆడాడు. నమ్మమని అడుగుతూ నా వైపు చూశాడు కూడా.

అత్త ఆ చేతిని చూసింది. ఫోను తెచ్చి పీట మీద పెట్టింది.

"లైను పోలేదు" అంది. "నాను పోతన్నాను."

రెండు చీరలు, మందులు, డాక్టరు కాగితాలు సంచిలో పెట్టుకుంది. నేను వెంట వెళ్లాను. మెట్లు దిగుతుంటే మామ పైనుంచి నన్ను పిలిచాడు. "సూసినావేటే అమ్మీ? సెవిలో పడితే నా తప్పేటే?"

"పడలేదు మావా. నువ్వే సెవి పట్టినావు" అన్నాను. ఆటోలో అత్త నా చెయ్యి పట్టుకోలేదు, ఏడవలేదు. నెల్లిమర్లలో వాళ్లక్క వీధిలోకే ఎదురొచ్చింది. అప్పుడు మాత్రం ఇద్దరూ వాన నీళ్లలో నిలబడి చాలాసేపు ఏడ్చారు.

నేను ఎచ్చెర్లలో ఆఫీసుకి వెళ్లి చేసే ఉద్యోగం చూసుకున్నాను. నా సామాను తెచ్చుకోడానికి ఒకసారి మామ ఇంటికి వెళ్లాల్సి వచ్చింది. మధ్యాహ్నం వేళ. మెట్ల మీదుండగానే అత్త గొంతు వినపడింది. "అన్నంలోకి సారు ఇంకాస్త పొయ్యమంటారేటి?" తిరిగొచ్చేసిందా అని గబగబా ఎక్కాను. గుమ్మంలోంచి చూస్తే మామ ఒక్కడే పీట మీద కూర్చుని ఉన్నాడు. హోటలు నుంచి తెచ్చిన పొట్లాలు విప్పి ఉన్నాయి. "సాల్లే" అన్నాడు తన గొంతుతో. మళ్లీ అత్త గొంతు. "ఏటీ తినలేదు మీరు." చూసినవాళ్లెవరైనా జాలిపడతారు. నాకు జాలి కలగలేదు. మనిషి వెళ్లిపోయాక కూడా ఆమె గొంతు ఆయన నోట్లో నలుగుతూనే ఉంది. సామాను తీసుకోకుండానే దిగి వచ్చేశాను.

ఆ తర్వాత ఆయన్ని చూడటం ఇదిగో, పోయాకే. అత్త వచ్చింది. చెయ్యాల్సినవన్నీ చేసింది. హాలు నిండా చుట్టాలు. "ఎంత కలుపుగోలు మనిసి!" అని ఒకావిడ. "ఊల్లో అందరి బాగోగులూ కనుక్కునీవోడు" అని ఇంకొకాయన.

దానాలిచ్చే రోజు వచ్చింది. గొడుగు, చెప్పులు, చెంబు, పరుపు అన్నీ వరసగా పెట్టారు. చుట్టాల్లో పెద్దావిడకి ఉన్నట్టుండి తట్టింది. "ఆడికి పోనంటే ప్రాణం కదే. ఆ పోను కూడా పంతులుగారికి ఇచ్చీండి. ఆత్మ శాంతిస్తాది" అంది. ఎవరో వెళ్లి మామ మొలలో ఉండే ఫోను తెచ్చి పళ్లెంలో పెట్టారు.

పంతులుగారి చెయ్యి సగందాకా వచ్చి ఆగిపోయింది. నల్లగా పూడుకుపోయిన ఆ చిల్లుల్ని చూశాడు. చెమటతో పసుపెక్కిన ఆ ప్లాస్టిక్కుని చూశాడు. "మా ఇంట్లో ఉందమ్మా ఫోను" అన్నాడు. "గొడుగు చాలు."

"పోనీ మీరు తీసుకోండి, గుర్తుగా ఉంటాది" అని ఆ పెద్దావిడ, మామని కలుపుగోలు మనిషని మెచ్చుకున్నావిడ వైపు పళ్లెం జరిపింది. "అమ్మో, మాకెందుకమ్మా" అని ఆవిడ వెనక్కి జరిగింది. బాగోగులు కనుక్కునేవాడన్నాయన చేతులు వెనక్కి పెట్టుకున్నాడు. పళ్లెం హాలంతా తిరిగింది. ఒక్కరూ ముట్టలేదు. వాళ్లంతా ఎప్పుడో ఒకప్పుడు ఆ ఫోను చెవికి ఆనించుకున్నవాళ్లే అని నాకు అప్పుడర్థమైంది. ఇన్నేళ్లూ అందరికీ తెలుసు. అందరూ ఇంటికెళ్లి చెవులు తుడుచుకున్నారు. ఒక్కరూ ఆయనతో ఆ మాట అనలేదు. ఆ పూట నాకు మామ మీద ఉన్న రోత వాళ్ల మీదికి కూడా పాకింది. అందులో నేనూ ఉన్నానో లేదో అడక్కండి.

పళ్లెం చివరికి అత్త దగ్గరికి వచ్చింది. ఆమె తీసుకుంది. లోపలికి వెళ్లి మిగిలిన రెండు ఫోన్లూ తెచ్చుకుంది. పెరట్లో కుళాయి దగ్గర అంట్లు తోమేచోట కూర్చుని, బూడిదా కొబ్బరిపీచూ తీసుకుని ఆ ఫోన్లని తోమడం మొదలుపెట్టింది. చిల్లుల్లోకి చీపురుపుల్ల పెట్టి తవ్వి మరీ తోమింది. నీళ్లు నల్లగా పారాయి. ఒక ఫోను తెర నీలంగా ఒక్కసారి వెలిగి ఆరిపోయింది. మూడింటినీ కడిగి, గిన్నెలతోపాటు ఎండలో బోర్లించింది.

"ఇంక పనిచెయ్యవత్తా అవి" అన్నాను.

"పనిసెయ్యక్కర్లేదే" అంది. "నీ సెల్లు ఒకపాలి ఇయ్యి. అక్కతో మాటాడాలి."

ఇచ్చాను. చేతులు తుడుచుకుని, సిగ్నలు కోసం మేడమీదికి ఎక్కింది. ఎండలో పిట్టగోడకి ఆనుకుని కూర్చుంది. "అక్కా, నానే" అన్నది మాత్రం వినపడింది. నేను మేడ తలుపు దగ్గరికి వేసి, మెట్లు దిగి, కింద కొట్లోకి వచ్చి కూర్చున్నాను.

చాలాసేపు మాట్లాడుకున్నారు. ఏం మాట్లాడుకున్నారో నాకు తెలియదు.